పురిటింటి గడప మీది ముద్ర

మణికూట నగరపు కోటవాకిట మిట్టమధ్యాహ్నం గాడిదల బారు ఒకటి ఆగింది. సున్నం కాల్చే గవ్వల బస్తాలు మోసుకొచ్చిన గాడిదలవి. బారు చివర గడ్డం మాసిన మనిషి ఒకడు తలపాగా కళ్ల మీదికి లాక్కుని, ఒళ్లంతా తెల్లటి దుమ్ముతో నిలబడి ఉన్నాడు. కావలివాళ్లు బస్తాలు పొడిచి చూశారుగాని వాడి ముఖం వంక చూడలేదు. చూసి ఉంటే బల్లేలు జారవిడిచి, దయ్యమని పారిపోయేవాళ్లే. ఆ దుమ్ము వెనక ఉన్నవాడు సునందుడు. చిన్న వయసులోనే నిలుపుముద్ర సంపాదించిన స్థపతి. సర్పకందరంలో చచ్చిపోయాడని నగరమంతా నమ్మి, కర్మకాండ కూడా జరిపించేసిన మనిషి.

చావడానికి అతనికి అవకాశాలు తక్కువ రాలేదు. కందరం మీది తీగవంతెన సగం దాటాడో లేదో, అవతలి ఒడ్డున ఎవరో మోకు నరికారు. తెగిన తీగ పట్టుకుని వేలాడుతూ వెళ్లి బండకు కొట్టుకున్నాడు. బండ మీంచి జారి ఏట్లో పడ్డాడు. ఏట్లో మొసలి వెంటపడితే గట్టెక్కి గుహలో దూరాడు. ఆ గుహ నిండా పడగలెత్తిన నాగులు. చెకుముకితో వెలిగించిన కాగడా ఒక చేత, నడుముకు కట్టుకొచ్చిన కుండ ఒక చేత పట్టుకుని, ఊపిరి బిగబట్టి, గోడల వెంట కారే నాగజిగురు నింపుకుని బయటపడేసరికి ముసుగుమనుషులు కాచుకుని ఉన్నారు. ముగ్గురు దెబ్బలు తిని అడవిలోకి పారిపోయారు. నాలుగోవాణ్ణి చెట్టుకు కట్టేసి అడిగితే, తాము సేనాపతి దుర్జయుడి మనుషులమని, స్థపతి శవం తెమ్మని పంపాడని, ఎందుకో మాత్రం తమకు చెప్పలేదని కక్కాడు. ఆ సంగతి తెలిశాక సొంత వేషంలో నగరంలో అడుగుపెట్టేంత తెలివితక్కువవాడు కాదు సునందుడు. అందుకే ఈ గాడిదలు, ఈ గడ్డం.

ముందుగా గురువుగారిని చూడాలి. దారి పొడవునా అతని మనసులో ఉన్న ఆలోచన అదొక్కటే.

మణికూటంలో ఇల్లు కట్టడం ఆషామాషీ వ్యవహారం కాదు. ఆ నేల అడుగున భూశయుడనే రాక్షసుడు నిద్రపోతున్నాడు. వాడు పక్కకు ఒత్తిగిలినప్పుడల్లా కొండలు ఊగుతాయి, గోడలు పగులుతాయి. ఒకప్పుడు అలాంటి ఊపుకే సగం నగరం తన కప్పుల కిందే నలిగిపోతే, అప్పటి రాజు శాసనం చేశాడు. మనుషులు నిద్రపోయే ఇంటికి నమూనా గీయాలన్నా, పునాది తవ్వాలన్నా, బరువు మోసే గోడో స్తంభమో దూలమో నిలబెట్టాలన్నా, వాన ఆపే కప్పు వెయ్యాలన్నా స్థపతిసభ ఇచ్చిన నిలుపుముద్ర ఉండాలి. ముద్ర లేనివాడు పనిచెయ్యొచ్చుగాని, ముద్ర ఉన్నవాడి కళ్లెదుట, వాడి పూచీ మీదే చెయ్యాలి. గోడకు రంగులు పూసుకో, తలుపు మీద చిలకలు చెక్కుకో, గొడ్లకు పాక వేసుకో, ఎవడూ అడగడు. దూలం మీద చెయ్యి వేశావో, చూపించు నీ ముద్ర అంటారు. పోనీ ఒకసారి సంపాదిస్తే అయిపోతుందా అంటే అదీ లేదు. కొన్నేళ్లకోసారి సభ ముందుకొచ్చి, కన్నూ చెయ్యీ ఇంకా కుదురుగానే ఉన్నాయని మళ్లీ నిరూపించుకోవాలి.

సునందుడి గురువు భద్రకీర్తి అక్కడే దెబ్బతిన్నాడు. నగరంలో నిలబడ్డ మేడల్లో సగం ఆయనవే. తల్లీతండ్రీ లేని సునందుణ్ణి సున్నపుబట్టీ దగ్గర నుంచి తెచ్చుకుని, తన కంచంలో అన్నం పెట్టి పెంచి, తాపీ పట్టడం నేర్పిన మనిషి. కిందటి పరీక్షలో గుండు కట్టిన దారం ఆయన కళ్ల ముందు వేలాడుతుంటే, ఎక్కడుందని పక్కవాణ్ణి అడిగాడు. పొరలు కమ్మి చూపు పోయింది. సభవాళ్లు కన్నీళ్లు పెట్టుకుంటూనే ఆయన ముద్రను సుత్తితో పగలగొట్టారు. ఆనాటి నుంచి సునందుడు తన ప్రతి పనికీ ఆయన్ని వెంటపెట్టుకుని వెళ్లి, రాళ్లను తడిమించి, సలహా అడిగి, వచ్చిన దానిలో సగం ఆయన ముందు పెట్టేవాడు.

మహారాణి మాలినీదేవి కడుపుతో ఉందని, పురిటిల్లు కట్టమని సునందుడికి ఆజ్ఞ వచ్చినప్పుడు కూడా అలాగే ఆయన దగ్గరికే పరుగెత్తాడు. గురువుగారు అతని తల నిమిరి, పుట్టబోయేది రాజ్యానికి వారసుడు కాబట్టి సున్నంలో నాగజిగురు కలపాలని, ఏ గ్రంథంలోనూ లేని ఆ రహస్యం ఒక్క అతనికే చెబుతున్నానని అన్నాడు. సర్పకందరం రాజ్యపు పొలిమేర అవతల ఉంది. ముద్ర పొలిమేర దాటకూడదు. పరదేశం వెళ్లే స్థపతి దాన్ని సభలో అప్పగించి పోవాలని నియమం. సునందుడు సభకు వెళ్లలేదు. గురుపూజ నాడు శిష్యులు పనిముట్లు గురువు పాదాల దగ్గర పెట్టడం ఆ దేశపు ఆచారం. అతను తాపీతో పాటు ముద్రను కూడా అక్కడే పెట్టి దణ్ణం పెట్టుకుని వెళ్లిపోయాడు. సభ పెట్టెకన్నా ఆ పాదాలే భద్రమని అతనికి గట్టి నమ్మకం.

కోట లోపల ఢంకాలు మోగుతున్నాయి. జనం తోసుకుంటున్నారు. సునందుడు గొంతు మార్చి కావలివాణ్ణి అడిగాడు.

"ఏం సందడన్నా ఇది?"

"ఏ అడవినుంచి దిగావురా నువ్వు? మహారాణిగారి పురిటింటికి ఇవాళ నిలువుసాక్ష్యం."

"కట్టిందెవరు?"

"ఇంకెవరు, సునందుడు. తడికల చాటున ఎవరి కంటా పడకుండా ఇల్లు పూర్తిచేసి ఎటో పోయి చచ్చాడు పాపం. ఆయనకు బదులు ఆయన గురువుగారు నిలబడుతున్నారు. చూపులేని ముసలాయనకు ఎంత కష్టం వచ్చిందో చూడు."

సునందుడు గాడిదలను అక్కడే వదిలేసి, కుండ చంకన పెట్టుకుని జనంలో దూరాడు.

ఉద్యానం నడుమ ఇల్లు వెన్నముద్దలా తెల్లగా మెరుస్తోంది. నాలుగు వైపులా వంపులు తిరిగిన చూరు, చూరు కింద బారులు తీరిన నెమళ్లు, నెమళ్ల కళ్లకు పచ్చలు. వాకిట దానిమ్మ మొగ్గల తోరణం. లోపల కనిపిస్తున్న నడిమి సాలలో నాలుగు నీలిరాతి స్తంభాలు, ఒక్కోటి ఇద్దరి కౌగిలికి అందనంత లావు. వాటి మీద అడ్డంగా పడుకున్న పెద్ద దూలం. ఇంత అందమైన ఇల్లు తను కట్టి ఉంటే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది సునందుడికి. తరవాత గడప చూశాడు. గడప పక్కన గచ్చులో తాబేలు, తాబేలు మీద స్తంభం. అతని ముద్ర. పచ్చిగా ఉన్నప్పుడు ఒత్తింది ఆరి రాయిలా గట్టిపడి ఉంది.

అప్పుడు కూడా అతని మనసు వేరే దారి పట్టలేదు. ఎవడో గురువుగారి గుడ్డితనం చూసి ముద్ర దొంగిలించాడనుకున్నాడు. అభం శుభం తెలియని ఆ పెద్దాయన్ని తీసుకొచ్చి ఈ కప్పు కింద నిలబెడుతున్నారని కడుపు మండిపోయింది. తలపాగా విప్పి విసిరేసి, కావలివాళ్ల బల్లేల మధ్య నుంచి దూకి, వాకిట్లో కర్ర పట్టుకుని నిలబడ్డ భద్రకీర్తి కాళ్ల మీద పడ్డాడు.

"గురువుగారూ, నేను. సునందుణ్ణి. ఈ ఇల్లు నాది కాదు. మీరు లోపలికి వెళ్లకండి."

జనం గొల్లుమన్నారు. దయ్యమని కొందరు, కాదు కాదు మనిషేనని కొందరు. గుర్రం మీద ఉన్న సేనాపతి దుర్జయుడి ముఖం నల్లబడింది. రాజుగారు ఉత్తరపు పొలిమేరలో యుద్ధంలో ఉన్నారు. ఆయన తిరిగొచ్చేదాకా నగరంలో తమ్ముడైన దుర్జయుడి మాటే శాసనం. భద్రకీర్తి వంగి సునందుడి ముఖమంతా వేళ్లతో తడిమాడు.

"బతికే ఉన్నావా నాయనా" అన్నాడు మెల్లగా. ఆ తరవాత తలెత్తి స్థపతిసభ పెద్ద ఉన్న వైపు తిరిగాడు. "సభాపతీ, ఇల్లు కట్టింది ఇతనే. ప్రతి రాయీ నా చేత తడిమించి మరీ పేర్చాడు. అడవిలో ఏ దెబ్బ తగిలిందో, పిల్లవాడికి మతి చలించినట్టుంది."

సునందుడికి ఆ మాటలు వెంటనే తలకెక్కలేదు. గురువుగారు పొరబడ్డారేమో, ఇంకోసారి చెప్పిస్తే సరిపోతుందేమోనని చూశాడు.

"అదేంటి గురువుగారూ. మీరు పంపితేనే కదా నేను కందరానికి వెళ్లింది? ఇదుగో, నాగజిగురు. సున్నంలో కలపాలన్నారు కదా?"

సభాపతి కుండలోకి తొంగిచూసి, వేలు ముంచి చూసి, నొసలు చిట్లించాడు.

"ఇది సున్నంలో కలిస్తే మూడు పూటల్లో గోడ పిండిలా రాలుతుంది. ముద్ర ఉన్నవాడివి, నీకు ఆ మాత్రం తెలీదా?"

తెలుసు. చదువుకున్నప్పుడు తెలుసు. గురువుగారు చెప్పారు కాబట్టి తను చదివిందే తప్పనుకున్నాడు. జనం నవ్వుతుంటే అతని చెవులు కాలిపోయాయి. సేనాపతి పేరు ఎత్తాలనుకున్నాడుగాని, చెట్టుకు కట్టేసి వచ్చినవాడు ఇక్కడ లేడు. సాక్ష్యం లేకుండా ఆ పేరు ఎత్తితే తల అక్కడికక్కడే తెగుతుంది.

సభాపతి న్యాయం తెలిసిన మనిషే. "ముద్రవాడు నాది కాదంటున్నాడు, గురువు ఇతనిదే అంటున్నాడు. ఇద్దరూ దూలం కింద నిలబడండి. ఇల్లే చెబుతుంది" అన్నాడు.

నిలువుసాక్ష్యమంటే అదే. కొత్త ఇంటి నడిమి దూలం కింద ముద్ర గలవాడు నిలబడాలి. బయట మదపుటేనుగుల చేత ఇంటి చుట్టూ నేల అదిరిపోయేలా ప్రదక్షిణలు చేయిస్తారు. ఇల్లు ఓర్చుకుంటే లోపలున్నవాడు బతుకుతాడు. గురుశిష్యులిద్దరూ లోపలికి నడిచారు. సునందుడు అలవాటు కొద్దీ గురువుగారి మోచెయ్యి పట్టుకున్నాడు, గడప దగ్గర "మెట్టు" అని చెప్పాడు కూడా. తరవాత తన మీద తనకే అసహ్యం వేసింది.

ఏనుగులు కదిలాయి. ఢంకాల మోతతో పాటు నేల ఊగడం మొదలైంది. బయట తోరణాలు తెగిపడ్డాయి. లోపల గోడవార ఉన్న నీళ్ల బిందె దొర్లిపడింది. సునందుడు తలెత్తి దూలాన్ని చూస్తూ నిలబడ్డాడు, భయంతో కాదు, పనివాడి కుతూహలంతో. ఎంత గట్టి ఇల్లయినా ఈ అదురుకు చిటికెడు సున్నం రాలాలి. దూలం చిన్నగా మూలగాలి. తను కట్టిన ఇళ్లన్నీ అలా మూలిగి, నెత్తిన ఇంత దుమ్ము చల్లి, ఆ పైన నిలబడ్డవే. ఈ ఇల్లు మాత్రం కిక్కురుమనలేదు. ఒక్క రేణువు రాలలేదు.

ఏనుగులు ఆగాయి. జనం జేజేలు కొట్టారు.

"ఇది ఇల్లు కాదు" అన్నాడు సునందుడు. "దుమ్ము రాలలేదు. చూడండి, నా తల చూడండి. రాయి ఇలా ఊరుకోదు."

"రాలలేదని కూడా ఏడుస్తావా?" అన్నాడు సభాపతి విసుగ్గా. భద్రకీర్తి మొలలోంచి ముద్ర తీసి అందించాడు. పొలిమేర దాటేటప్పుడు అది సభలో ఎందుకు లేదని అడిగితే సునందుడు నిజమే చెప్పాడు, గురువుగారి పాదాల దగ్గర పెట్టానని. దాంతో ఇంకేం అడగాల్సిన పని లేకపోయింది. ముద్రను పరులకు వదిలినవాడికి ముద్ర ఉండదు. గడప మీదే పెట్టి, ఒక్క దెబ్బకు పగలగొట్టారు. అది పగిలినప్పుడు భద్రకీర్తి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. చూపులేనివాడికి ముఖం తిప్పుకోవలసిన అవసరం ఏమిటని సునందుడికి లీలగా అనిపించింది.

ఇద్దరు భటులు అతని రెక్కలు పట్టుకున్నారు. సరిగ్గా అప్పుడే బయట పల్లకీలోంచి కేక వినిపించింది. వేడుక చూడవచ్చిన మహారాణికి ఆ అదురుకు నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని చెంగమ్మ పల్లకీ వెంట పరుగెడుతూ అందరినీ అదిలించింది.

"తప్పుకోండయ్యా. వేళ దగ్గరపడింది. లోపలికి, లోపలికి."

"ఇల్లు సాక్ష్యం నెగ్గింది కదా. తీసుకెళ్లండి" అన్నాడు దుర్జయుడు. బోయీలు మహారాణిని పల్లకీతో సహా నడిమి సాలలోకి తెచ్చి దించి, వెనుదిరిగి చూడకుండా బయటికి పోయారు. పురిటిగదిలో మగవాడి కన్ను పడకూడదు కాబట్టి భటులు కూడా తలలు వంచుకుని, ఆ గడబిడలో సునందుణ్ణి వదిలేసి వాకిలి దాటారు. మంత్రసాని తెర దించేసింది. తెర ఇవతల గురుశిష్యులు మిగిలారు.

భద్రకీర్తి బయల్దేరాడు. కర్ర గోడకు ఆనించి ఉంది, దాన్ని తీసుకోలేదు. దొర్లిపడిన బిందెను దాటి, పొర్లిన నీళ్లకు అడుగు పక్కకు వేసి, తిన్నగా వాకిలి వైపు నడిచాడు.

సునందుడు వెనక నుంచి ఆ చెయ్యి పట్టుకున్నాడు. తాపీ ఎలా పట్టాలో తన వేళ్ల మీద వేళ్లు పెట్టి నేర్పిన చెయ్యి.

"మీకు కనిపిస్తోంది" అన్నాడు.

ముసలాయన తెర వైపు చూశాడు. తెర వెనక మహారాణి మూలుగుతోంది.

"వదులు నాయనా. మనం బయటికి పోదాం. నువ్వు కూడా రా."

"ఎందుకు పోవాలి? ఇల్లు గట్టిదేగా. ఏనుగులే కదిలించలేకపోయాయి. కూర్చోండి. బిడ్డ పుట్టేదాకా కూర్చుందాం."

ఆ మాటతో భద్రకీర్తి కిందనే కూలబడి, వినపడీ వినపడకుండా చెప్పాడు. ఆ స్తంభాలు రాళ్లు కావు. దుర్జయుడు పోషిస్తున్న ధూమకంఠుడనే మాంత్రికుడు పొగను గడ్డకట్టించి నిలిపినవి. ఏనుగులకూ, భూశయుడికీ కూడా కదలవు. కానీ వాటి మధ్య పుట్టిన బిడ్డ ఏడిస్తే, ఆ మొదటి ఏడుపుకు కరిగిపోతాయి. కప్పు తల్లీబిడ్డల మీద పడుతుంది, ముద్ర సునందుడిది కాబట్టి పాపం చచ్చినవాడి మీద పడుతుంది, వారసుడు లేని సింహాసనం దుర్జయుడి కింద పడుతుంది. దానికి ధూమకంఠుడు ఇచ్చిన కూలి రెండు కళ్లు.

"నీకు తెలీదురా. ముద్ర పగిలాక నన్ను మనిషిగా చూసింది ఎవరు? రాళ్లు తడమమని నువ్వు దయ చూపించేవాడివి. నీ దయ మీద బతకడం నాకు చేతకాలేదు." ఆయన కళ్లు నిండాయి. "ఈ చూపు వచ్చాక మొట్టమొదట చూసింది నిన్నే. కందరం దారిన వెళ్లిపోతున్న నీ వీపు."

"పిలవాలనిపించలేదా?"

"అనిపించింది."

సునందుడికి ఆయన్ని కొట్టాలనిపించింది. ఆ పాదాల మీదే తల పెట్టుకుని ఏడవాలని కూడా అనిపించింది. రెండింటికీ వ్యవధి లేదు. "లేవండి. ఇప్పుడైనా మించిపోలేదు. బయటికెళ్లి బోయీల్ని పిలవండి. నేను మహారాణిని పల్లకీలోకి ఎత్తిస్తాను. జనం ముందు నిజం చెప్పండి, ఆ తరవాత మీకేం జరిగినా మీ పక్కన నేనుంటాను."

భద్రకీర్తి అతని తల నిమిరాడు, ఎప్పటిలాగే. "అలాగే నాయనా" అని లేచి, గబగబా వాకిలి దాటాడు.

తలుపు మూసుకుంది. బయట గడియ పడిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే గురువుగారి గొంతు, జనమందరికీ వినపడేలా, వణకకుండా వచ్చింది.

"నా శిష్యుడికి బుద్ధి వచ్చింది. తన ఇల్లు తనదేనని ఒప్పుకున్నాడు. బిడ్డ పుట్టేదాకా దాని కింద తానే నిలబడతానన్నాడు. ఎవరూ తలుపు తియ్యకండి."

జనం మళ్లీ జేజేలు కొట్టారు.

సునందుడు తలుపు మీద భుజంతో మోదాడు. ఏనుగులకు లొంగని తలుపు అది. కిటికీలు పిల్లి దూరేంత కూడా లేవు. మర్యాద పక్కన పెట్టి తెర లాగేసి, "అమ్మా, మహారాణిని ఈ సాలలోంచి ఇవతలికి లాగాలి" అంటుండగానే చెంగమ్మ తల ఎత్తకుండా కసిరింది.

"ఎక్కడికి లాగుతావు బాబూ? తల బయటికొచ్చేసింది."

ఆ తరవాత అంతా చూస్తుండగానే అయిపోయింది. మగపిల్లవాడు. చెంగమ్మ రెండు చేతుల్లోకి తీసుకుని పైకెత్తింది. బిడ్డ నల్లగా, బిగుసుకుని ఉన్నాడు. నోరు తెరవలేదు. స్తంభాలు రాళ్లలాగే నిలబడి ఉన్నాయి.

"ఏడవడం లేదేం?" అంది మహారాణి నీరసంగా. "ఎవరైనా చెప్పండి, నా బిడ్డ ఏడవడం లేదేం?"

చెంగమ్మ బిడ్డను తలకిందులుగా పట్టుకుని, కొట్టబోతూ, సునందుడు ఎత్తిన చెయ్యి చూసి ఆగిపోయింది. అతను గుక్క తిప్పుకోకుండా స్తంభాల సంగతి చెప్పాడు. ఆమె దూలం వంక ఒకసారి చూసింది, బిడ్డ వంక ఒకసారి చూసింది.

"ఏడవకపోతే దక్కడు బాబూ. ఊపిరి అందడం లేదు."

సునందుడు పల్లకీని ఈడ్చి మహారాణి మీద పందిరిలా నిలిపాడు. దాని లావుపాటి బొంగును ఊడబెరికి దూలం కింద నిలువుగా దన్ను పెట్టాడు. బొంగు ఒక్కటీ చాలదని అతనికి తెలుసు. కాళ్లు ఎడంగా పెట్టి, వీపు వంచి, అది ఒరిగిపోకుండా తన భుజం ఆనించాడు. అప్పుడు గురువుగారి మీద కోపం కూడా గుర్తులేదు.

"ఏడిపించమ్మా" అన్నాడు.

చెంగమ్మ బిడ్డ వీపు మీద చెళ్లున చరిచింది.